వెలుగు విందులో రెండో బంతి

భీమిలి అనగానే విశాఖవాసులకు గుర్తొచ్చేవి సముద్రతీరం, దీపస్తంభం, డచ్చివాళ్ల పాత సమాధులు. సూక్ష్మజీవ శాస్త్రవేత్తలకు మాత్రం ఇంకోటి కూడా గుర్తొస్తుంది. దాని పేరు మారిక్రొమేషియం భీమ్లికమ్. కంటికి ఆనని ఓ బ్యాక్టీరియా అది. అక్కడి ఆక్వా చెరువు ఉప్పునీటిలో దొరికింది కాబట్టి ఊరి పేరే పెట్టి 2007లో లోకానికి పరిచయం చేశారు. అదే ఏడాది దాని చుట్టాలు మరో రెండింటికి నామకరణం జరిగింది. ఒకటి థయోరోడోకాకస్ భీమ్లికస్, రెండోది థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్. కాకినాడ పేరు చెబితే కాజా తప్ప మరోటి తలచుకోనివారికి ఇది కొత్త కబురే!

ఈ అన్వేషణలను నడిపించినవారు హైదరాబాద్ జేఎన్‌టీయూకు చెందిన చింతలపాటి శశికళ, హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన చింతలపాటి వెంకటరమణ. ఉప్పుటేర్లు, మడ అడవులు, వరిమళ్లు... ఎక్కడ బురద కనిపిస్తే అక్కడ వీరి బృందాలు ఒక జాతి బ్యాక్టీరియా కోసమే గాలించాయి. వాటి ఇంటిపేరు ‘పర్పుల్ బ్యాక్టీరియా’. తెలుగులో ఊదారంగు బ్యాక్టీరియా అనుకోవచ్చు. ఊదా అనడమే గానీ వాటిలో గులాబీ, ఎరుపు, ఇటుక రంగు, గోధుమ రంగు అన్నీ ఉన్నాయి.

ఉండేది మురికిలోనే అయినా వీటి బతుకుతెరువు సూర్యరశ్మి. చెట్టూచేమల్లాగే ఇవీ కిరణజన్య సంయోగక్రియ జరుపుతాయి. కానీ రవ్వంత ప్రాణవాయువునైనా బయటికి వదలవు.

అదెలా? మొక్కలు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆక్సిజన్ విడుస్తాయని చిన్నప్పుడు బట్టీపట్టిన పాఠం సంగతేంటి? ఆ పాఠం తప్పేమీ కాదు. అయితే అది కథలో ఒక అధ్యాయమే. మిగతా అధ్యాయాలు ఈ బురద జీవుల దగ్గర ఉన్నాయి. వాటి జన్యువులను ఒక్కొక్కటిగా చదివేకొద్దీ, ఆకు లోపల జరిగే పని మీదే కొత్త వెలుగు పడింది.

మిగిలిందే పరమాన్నం

పెళ్లి విందులో మొదటి బంతి, రెండో బంతి ఉంటాయి కదా. చెరువులో కాంతి విషయంలోనూ అంతే. పైన తేలే నాచు, ఆకులు మొదటి బంతిలో కూర్చుంటాయి. ఎండలోని నీలం, ఎరుపు రంగుల కాంతిని అవి సుష్టుగా ఆరగిస్తాయి. ఆకుపచ్చను అంతగా ముట్టవు. అందుకే అవి మనకు పచ్చగా కనిపిస్తాయి. ఇక మన కంటికి కనిపించని పరారుణ కాంతిని దాదాపుగా వదిలేస్తాయి. అది వాటిని దాటుకుని కిందికి దిగుతుంది. ఆ దిగువన రెండో బంతిలో ఎదురుచూస్తుంటాయి ఊదారంగు బ్యాక్టీరియా.

వీటిలోని పత్రహరితం వేరు. బ్యాక్టీరియోక్లోరోఫిల్ అంటారు. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర చేతులెత్తేస్తుంది. (నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు.) ఈ పదార్థం 800 నుంచి 900 దాకా ఉన్న కాంతిని ఒడిసిపట్టగలదు. ఒక జాతయితే 1,000 కూడా దాటి పోతుంది. ఇంతకీ ఊదా రంగు ఎక్కడిదంటారా? అది కెరోటినాయిడ్ల పుణ్యం. క్యారట్‌కు, టొమాటోకు రంగునిచ్చేవి కూడా ఆ కుటుంబానివే.

కాంతి దొరికితే సరిపోదు, ఎలక్ట్రాన్లు కావాలి. మొక్క నీటి నుంచి లాక్కుంటుంది. నీటిని విరగ్గొట్టడం మాటలు కాదు, దానికి చాలా బలమైన యంత్రాంగం కావాలి. ఊదారంగు బ్యాక్టీరియాకు అంత శక్తి లేదు. అందుకని తేలిగ్గా దొరికేదాన్ని పట్టుకుంటుంది. వీటిలో గంధకం తినే రకానికి హైడ్రోజన్ సల్ఫైడ్ కావాలి. కుళ్లిన గుడ్డు వాసన వేసే వాయువు అదే. దానిలోని ఎలక్ట్రాన్లను లాగేసుకోగా మిగిలేది గంధకం. సూక్ష్మదర్శినిలో చూస్తే చాలా జాతుల కణాల లోపల ఆ గంధకపు రేణువులు మిలమిల మెరుస్తుంటాయి. ఇంకో రకం ఉంది. దానికి గంధకం మీద అంత మక్కువ లేదు. కుళ్లిన ఆకులూ అలములూ విడిచే ఆమ్లాలతోనో, హైడ్రోజన్‌తోనో గడిపేస్తుంది.

డచ్చివారి వాటా

భీమిలిలో శాశ్వత నిద్రపోతున్న డచ్చి వర్తకులకు తెలియదుగానీ, ఈ జీవుల గుట్టు విప్పడంలో వాళ్ల దేశానిది పెద్ద వాటా. 1883లో ఉట్రెక్ట్ నగరంలో పనిచేస్తున్న థియోడోర్ ఎంగెల్మాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక నీటిచుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అందులో ఒక చోట మాత్రమే కాంతి పడేలా చేశాడు. ఈదుకుంటూ వచ్చిన బ్యాక్టీరియా వెలుగులోకి హాయిగా ప్రవేశించింది. బయటికి పోబోయి చీకటి అంచు తగలగానే ఉలిక్కిపడి వెనక్కి మళ్లింది. కాసేపట్లో ఆ వెలుగు చుక్క బ్యాక్టీరియాతో కిక్కిరిసిపోయింది. తర్వాత ఆయన కాంతిని ఇంద్రధనుస్సులా విడదీసి పరిచాడు. అవి ఎక్కువగా ఎక్కడ గుమికూడాయో తెలుసా? ఎరుపు కూడా అయిపోయి, మనిషి కంటికి చీకటిగా కనిపించే చోట! ఇవి పరారుణ కాంతితో బతుకుతున్నాయని ఆయన సరిగ్గానే గ్రహించాడు. (ఈ ఎంగెల్మాన్ చెల్లో వాద్యకారుడు కూడా. సంగీతకారుడు బ్రామ్స్ తన మూడో స్ట్రింగ్ క్వార్టెట్‌ను ఈయనకే అంకితమిచ్చాడు.)

అయితే ఒక్క చోట కాలు జారాడు. కిరణజన్య సంయోగక్రియ జరుగుతోంది కాబట్టి ఇవి ఆక్సిజన్ విడుస్తూ ఉండాలని నమ్మాడు. 1907లో హాన్స్ మోలిష్ అనే శాస్త్రవేత్త ఎంత శ్రద్ధగా పరీక్షించినా ఆక్సిజన్ జాడ కనిపించలేదు. దాంతో పీటముడి పడింది. ఆక్సిజన్ రాకపోతే దాన్ని కిరణజన్య సంయోగక్రియ అనొచ్చా, కూడదా?

ముడి విప్పినవాడు మరో డచ్చాయన, కార్నెలిస్ వాన్ నీల్. హార్లెంలో పుట్టి, డెల్ఫ్ట్‌లో చదువుకుని, కాలిఫోర్నియా తీరంలోని ఓ చిన్న ప్రయోగశాలకు వెళ్లాడు. 1931లో ఆయన చెప్పిన మాట వినడానికి ఎంతో సులువు. బ్యాక్టీరియా హెచ్2ఎస్ వాడుకుంటే మిగిలేది గంధకం. మొక్క హెచ్2ఓ వాడుకుంటే మిగిలేది ఆక్సిజన్. రెండూ ఒకే పని, ముడిసరుకే వేరు. అంటే మొక్క విడిచే ఆక్సిజన్ నీటి నుంచి వస్తోందన్నమాట! అప్పటిదాకా చాలామంది పండితులు అది బొగ్గుపులుసు వాయువు నుంచి విడిపోతుందనే అనుకునేవారు. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ బృందం బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిని వాడి పరీక్షించి, వాన్ నీల్ చెప్పిందే నిజమని తేల్చింది.

మన ఊపిరిలోని ప్రాణవాయువు ఎక్కడి నుంచి వస్తోందో, ప్రాణవాయువును విడవని జీవి చెప్పాల్సి వచ్చింది.

యంత్రం బొమ్మ దొరికింది

ఇదంతా బయటి నుంచి చూసి చెప్పింది. లోపల యంత్రం ఎలా ఉంటుంది? కాంతిని పట్టి ఎలక్ట్రాన్‌ను తరిమే భాగాన్ని ‘అభిక్రియా కేంద్రం’ అంటారు. అది కణపు పొరలో దిగబడిపోయి ఉండే ప్రొటీన్. ఆ పొర నూనెలాంటిది. అందులోని ప్రొటీన్‌ను బయటికి తీస్తే ముద్దకట్టి పాడైపోతుంది. కలకండ పలుకుల్లా స్ఫటికాలు కడితేగానీ ఎక్స్‌కిరణాలతో ఫొటో తీయలేం. ఇలాంటి ప్రొటీన్‌తో స్ఫటికాలు కట్టించడం అసాధ్యమని చాలామంది ఆశ వదులుకున్నారు. జర్మనీలో హార్ట్‌ముట్ మిషెల్ మాత్రం పట్టు విడవలేదు. ఊదారంగు బ్యాక్టీరియాను ఎంచుకుని, సబ్బులాంటి పదార్థాలను రకరకాలుగా మార్చి చూసి 1980ల ఆరంభంలో స్ఫటికాలు సాధించాడు. యోహాన్ డైసెన్‌హోఫర్, రాబర్ట్ హ్యూబర్‌లతో కలిసి అణువుల అమరిక మొత్తం గీసి చూపించాడు. ముగ్గురికీ 1988లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఆ యంత్రం వేగం కథ వేరు. కాంతి తగిలిన తర్వాత ఎలక్ట్రాన్ మొదటి మజిలీకి చేరడానికి పట్టే సమయం సుమారు 3 పికోసెకన్లు. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు. అంత వేగంగా పారిపోకపోతే ఆ శక్తి వేడిగా మారి వృథా అయిపోతుంది. 1995లో దాని చుట్టూ ఉండే ‘యాంటెనా’ బొమ్మ కూడా దొరికింది. గుండ్రటి కంకణంలా అమరిన ప్రొటీన్లు, వాటి మధ్య పొదిగిన 27 బ్యాక్టీరియోక్లోరోఫిల్ అణువులు. ఏ కంసాలీ అంత తీరుగా రాళ్లు పొదగలేడు.

మొక్కల ఆకుల్లో నీటిని విరగ్గొట్టే యంత్రపు నడిమి భాగం కూడా దాదాపు ఈ అచ్చులోనే పోసినట్టుంటుందని తేలింది. అందుకే దీనికి ఇంత ప్రాముఖ్యం.

రంగులు చెప్పిన రహస్యం

యంత్రాన్ని తయారుచేసే ఉత్తర్వులు జన్యువుల్లో ఉంటాయి. వాటిని వెతకడంలో ఈ బ్యాక్టీరియా శాస్త్రవేత్తలకు ఓ మేలు చేసింది. ఒక జన్యువు చెడిపోతే దాని రంగు మారిపోతుంది. కెరోటినాయిడ్ తయారీలో ఏదో మెట్టు దగ్గర ఆగిపోతే పచ్చగానో, పసుపుగానో తయారవుతుంది. ఏ కొలమానమూ అక్కర్లేదు, పళ్లెంలో పెరిగిన చుక్కలను కంటితో చూస్తే చాలు.

1974లో బ్యారీ మార్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రోడోబాక్టర్ క్యాప్సులేటస్ అనే జాతిలో ఓ విచిత్రం కనిపెట్టాడు. వైరస్‌లా కనిపించే బుల్లి రేణువులు ఒక కణం డీఎన్ఏ ముక్కను మోసుకెళ్లి పక్క కణానికి అందిస్తున్నాయి. వైరస్ అయితే తన సంతానాన్ని పెంచుకుంటుంది. ఇవి అదేమీ చేయవు. వట్టి పోస్ట్‌మ్యాన్ ఉద్యోగం. పైగా ఆ ఉత్తరాలు పంపడానికి మొదటి కణం పగిలి ప్రాణం ఇవ్వాలి! ఈ రేణువులు మోయగలిగేది చాలా చిన్న ముక్కనే. అందుకని రెండు జన్యువులు కలిసి ఒకే సంచిలో చేరుతున్నాయంటే అవి ఇరుగుపొరుగున ఉన్నట్టే లెక్క. అలా లెక్కలు వేసుకుంటూ పోతే, కిరణజన్య సంయోగక్రియకు కావలసిన జన్యువులు ఊరంతా చెల్లాచెదురుగా లేవని, ఒకే వీధిలో వరుసగా కాపురం ఉంటున్నాయని తెలిసింది. 1981లో ఆ వీధి మొత్తాన్ని ఒక్క డీఎన్ఏ ముక్కగా బయటికి తీయగలిగారు. దాని పొడవు సుమారు 46 వేల అక్షరాలు. పత్రహరితం వండే జన్యువులు, రంగు కలిపే జన్యువులు, యంత్రాన్ని బిగించే ప్రొటీన్ల జన్యువులు చాలావరకు అందులోనే ఉన్నాయి.

ఈ సంగతి ఎందుకంత ముఖ్యమో అప్పటికి పూర్తిగా తెలియదు. తర్వాత తెలిసింది.

దాని దగ్గరి చుట్టం రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ మరో పాఠ్యపుస్తకాన్ని మార్పించింది. బ్యాక్టీరియాకు ఒకే క్రోమోజోమ్ ఉంటుందన్నది అప్పటి నమ్మకం. 1989లో దీనికి రెండు ఉన్నాయని తేలింది. ఆ తర్వాతే కలరా క్రిమిలోనూ రెండు కనిపించాయి.

బురదలో దొరికిన గ్రంథం

ఒక్క వీధి చదివితే ఊరు తెలిసినట్టా? మొత్తం జీనోమ్ చదవాలి. 2004లో రోడోసూడోమోనాస్ పాలుస్ట్రిస్ వంతు వచ్చింది. పాలుస్ట్రిస్ అంటే లాటిన్‌లో ‘చిత్తడినేలకు చెందినది’ అని. అమెరికా ఇంధన శాఖ డబ్బు పెట్టింది. ఫ్రాంక్ లారిమర్, కరోలైన్ హార్వుడ్ తదితరులు ఫలితాలను ప్రకటించారు. సుమారు 54.6 లక్షల అక్షరాలు, 4,836 జన్యువులు. మనిషికి ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు 20 వేల చిల్లర అని గుర్తుపెట్టుకుంటే, కంటికి కనిపించని ప్రాణికి ఇది తక్కువ ఆస్తేం కాదు.

తీరా చదివి చూస్తే అది ఒక జీవి కాదు, నాలుగు జీవులు ఒకే ఒంట్లో దూరినట్టుంది. వెలుగు, బొగ్గుపులుసు వాయువు ఉంటే మొక్కలా బతుకుతుంది. వెలుగుండి, కుళ్లిన ఆకుల సారం దొరికితే దాన్ని తింటూ కాంతిని శక్తికి మాత్రమే వాడుకుంటుంది. చీకటి పడి, గాలి ఆడితే మనలాగా తిని ఊపిరి తీసుకుంటుంది. వెలుగూ లేక, తినడానికీ లేకపోతే హైడ్రోజన్‌లాంటి అకర్బన పదార్థాల నుంచి శక్తి పిండుకుని కూడా నెట్టుకొస్తుంది. కరవొచ్చినా వరదొచ్చినా సంసారం ఆగదు.

అంతేకాదు. గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చే నైట్రోజినేస్ అనే ఎంజైమ్ ఉంటుంది. వేరుశనగ, మినుము మొక్కల వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా చేసేదీ ఆ పనే. చాలా జీవులకు అలాంటి ఎంజైమ్ ఒక్కటే రకం, అదీ మాలిబ్డినం లోహంతో పనిచేసేది. పాలుస్ట్రిస్‌కు మూడు రకాలున్నాయి. మాలిబ్డినం దొరక్కపోతే వెనేడియంది, అదీ లేకపోతే వట్టి ఇనుముది. కాంతిని పట్టే యాంటెనాల్లోనూ అంతే. వెలుగు తగ్గితే వేరే రకం తొడుక్కుంటుంది. ఇంటి పెద్దలు పండక్కో బట్ట, పనికో బట్ట విడిగా మడతపెట్టి ఉంచినట్టు.

మన వరిమడిలోనూ ఇలాంటిదొకటి దొరికింది. రూబ్రివివాక్స్ బెంజోయేటిలైటికస్ అని హైదరాబాద్ బృందం 2006లో పేరు పెట్టింది. బెంజోయేట్‌లాంటి గట్టి రసాయనాలను కూడా విరగ్గొట్టి తినగలదు. పేరులోనే ఆ సంగతి ఉంది. దాని జీనోమ్‌నూ తర్వాత చదివారు.

ఎవరి సొత్తు ఎవరి దగ్గర?

ఇక అసలు తిరకాసు. వెలుగును వండుకునే విద్య మొదట ఎవరికి వచ్చింది? 2000వ సంవత్సరంలో జిన్ షియాంగ్, కార్ల్ బావర్ తదితరులు పత్రహరితం తయారుచేసే జన్యువులను పోల్చి, ఊదారంగు బ్యాక్టీరియాదే అన్నిటికన్నా పాత శాఖ అన్నారు. రెండేళ్ల తర్వాత జేసన్ రేమండ్, రాబర్ట్ బ్లాంకెన్‌షిప్ తదితరులు మరింత పెద్ద పని చేశారు. అప్పటికి కిరణజన్య సంయోగక్రియ తెలిసిన ఐదు బ్యాక్టీరియా తెగల నుంచి ఒక్కో ప్రతినిధి జీనోమ్ తీసుకున్నారు. ఐదింటిలోనూ ఉన్న 188 జన్యువులను పట్టుకుని, ఒక్కోదాన్నీ ‘మీ వంశవృక్షం ఏమిటి?’ అని అడిగారు.

ఐదుగురి మధ్య చుట్టరికాన్ని 15 రకాలుగా గీయొచ్చు. జన్యువులన్నీ ఒకే మాట చెబితే చిక్కే లేదు. కానీ ఒకటి ఒక వృక్షం గీస్తే, పక్కది ఇంకోటి గీసింది. పదిహేనింటికీ సాక్షులు దొరికారు! కారణం ఒక్కటే. ఈ జన్యువులు తాత నుంచి మనవడికి మాత్రమే రాలేదు. పక్కింటికి, పొరుగూరికి కూడా పోయాయి. అప్పు తెచ్చుకున్నవీ ఉన్నాయి, అరువిచ్చినవీ ఉన్నాయి. అలాంటప్పుడు ‘మొదట ఎవరు?’ అనే ప్రశ్నకు సూటి జవాబు ఎలా దొరుకుతుంది? ఇవాళ్టికీ ఆ వాదం తెగలేదు. తెగలేదని ఒప్పుకోవడమే ఆ పరిశోధన గొప్ప. తొందరపడి ఎవరికో ఒకరికి పట్టాభిషేకం చేసేస్తే కథ సుఖాంతంగా ఉండేదిగానీ, నిజంగా ఉండేది కాదు.

ఇప్పుడు ఆ ‘ఒకే వీధి’ సంగతి గుర్తు తెచ్చుకోండి. అవసరమైన సామానంతా ఒకే పెట్టెలో సర్దిపెట్టి ఉంటే, పెట్టె ఎత్తుకుపోవడం తేలిక కదా! అలా ఎత్తుకుపోయినట్టు సాక్ష్యం 2014లో దొరికింది. చైనాలో గోబీ ఎడారి ప్రాంతపు మంచినీటి సరస్సులో జెమాటిమోనాస్ ఫోటోట్రోఫికా అనే బ్యాక్టీరియా కనిపించింది. దాని తెగలో కాంతితో బతికేది ఒక్కటైనా ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. జీనోమ్ చదివితే కిరణజన్య సంయోగక్రియ పెట్టె మొత్తం, అచ్చం ఊదారంగు బ్యాక్టీరియా పద్ధతిలో సర్ది ఉంది. ఎప్పుడో వాటి దగ్గర అందిపుచ్చుకున్నదే. పత్రహరిత విద్య తెలిసిన తెగల్లో అది ఏడోది అయింది.

పెట్టెను పారేసుకున్నవీ ఉన్నాయి. 1987లో కార్ల్ వోస్ జన్యు పోలికలతో బ్యాక్టీరియా వంశాలను తిరగరాసినప్పుడు, ఒక పెద్ద తెగకు ‘ఊదారంగు బ్యాక్టీరియా, వాటి బంధువులు’ అనే పేరే వాడాడు. మన పేగుల్లో ఉండే ఈ-కొలి, కలరా క్రిమి, టైఫాయిడ్ క్రిమి అన్నీ ఆ తెగవే. ఆ బంధువుల్లో చాలా వాటికి ఇప్పుడు వెలుగుతో పని లేదు. మరుసటి ఏడాది ఆ తెగను ప్రోటియోబాక్టీరియా అన్నారు. 2021లో మళ్లీ మార్చి సూడోమోనడోటా అన్నారు. పేర్ల సంగతి అటుంచితే, మన ప్రతి కణంలో శక్తినిచ్చే మైటోకాండ్రియా పూర్వీకులు కూడా ఈ తెగ చుట్టుపక్కల నుంచి వచ్చినవారే. తల్లి నుంచి బిడ్డకు వచ్చే ఆ బుల్లి పొయ్యికీ, భీమిలి చెరువులోని క్రిమికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట.

2018లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ శాస్త్రవేత్తలు ఈ-కొలికి జన్యువులు అరువిచ్చి దానిచేత పత్రహరితం తయారుచేయించారు. అలాగని అది ఎండ తిని బతకడం లేదు. పొయ్యి, గిన్నె ఇచ్చినంత మాత్రాన వంట వచ్చేస్తుందా!

బుడగలు, డబ్బాలు

‘ఇదంతా సరే, మనకేం ఒరుగుతుంది?’ అని అడిగేవారికి రెండు సంగతులు.

1949లో హోవార్డ్ గెస్ట్, మార్టిన్ కామెన్ రోడోస్పిరిల్లమ్ రూబ్రమ్ అనే జాతిని పెంచుతుంటే, వెలుతురు పడ్డప్పుడు సీసాలో బుడగలు వచ్చాయి. చూస్తే హైడ్రోజన్! నత్రజని వాయువు పంపగానే ఆగిపోయాయి. అలా ఈ జాతికి నత్రజనిని పట్టే విద్య కూడా ఉందని బయటపడింది. నైట్రోజినేస్‌కు నత్రజని దొరక్కపోతే ఉన్న శక్తినంతా హైడ్రోజన్ చేయడానికే వాడేస్తుంది. హైడ్రోజన్ మండితే మిగిలేది నీళ్లే. జీనోమ్ చేతికొచ్చాక ఈ పని సులువైంది. 2007లో హార్వుడ్ ప్రయోగశాల పాలుస్ట్రిస్‌లో ఒక నియంత్రణ జన్యువు మారిపోయిన రకాలను పట్టుకుంది. మామూలుగా అమ్మోనియా ఉంటే ఈ ఎంజైమ్ మూతపడుతుంది. మారిన రకాలు మాత్రం హైడ్రోజన్ చేస్తూనే ఉన్నాయి. 2016లో మరో అడుగు. ఆ ఎంజైమ్‌లో రెండంటే రెండు చోట్ల మార్పు చేసి, బొగ్గుపులుసు వాయువు నుంచి కాంతి సాయంతో మీథేన్ చేయించారు.

అయితే సీసాలో బుడగలు రావడం వేరు, బండి నడవడం వేరు. కాంతి లోపలిదాకా చేరాలంటే తొట్టెలు పలచగా, విశాలంగా ఉండాలి. గాలి చొరబడకూడదు. ఖర్చు తడిసి మోపెడవుతుంది. పెట్రోలు బంకు దగ్గర ఊదారంగు బ్యాక్టీరియా వారి హైడ్రోజన్ కోసం క్యూ కట్టే రోజు దగ్గర్లో ఏమీ కనిపించడం లేదు.

రెండోది రొయ్యల చెరువు. మేత మిగిలి, పెంట పేరుకుని అడుగున నల్లటి బురద పడితే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది రొయ్యకు విషం. కాస్త ఎక్కువైనా రైతు పెట్టుబడి మునుగుతుంది. అందుకే డబ్బాల్లో వచ్చే ఎర్రటి ద్రావణాన్ని ‘ఫోటోసింథటిక్ బ్యాక్టీరియా’ అంటూ చెరువుల్లో పోయడం ఆసియా దేశాల్లో వాడుకలో ఉంది. ఆలోచన అర్థమున్నదే. కానీ డబ్బా కొనేముందు రైతు అడగాల్సిన ప్రశ్నలు కొన్నున్నాయి. లోపలున్నది ఏ జాతి? గంధకం తినే రకమా, దాన్ని అంతగా ముట్టని రకమా? మూడు నాలుగు అడుగుల లోతున, అదీ బురదగా మారిన నీళ్లలో, దానికి వెలుగు అందుతుందా? అమ్మేవాడు వీటికి జవాబు చెప్పలేకపోతే ఎర్రరంగు నీళ్లకు ధర కట్టినట్టే. (వ్యవసాయ దుకాణాల్లో పీఎస్‌బీ పేరిట దొరికేది సాధారణంగా వేరే సరుకు. అది భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా. ఇంగ్లిష్ పొడి అక్షరాలు ఒకటే కావడంతో వచ్చిన తంటా.)

ఇంట్లోనే చూడొచ్చు

ఈ రెండో బంతి భోక్తలను చూడాలనుకునే పిల్లలకు సూక్ష్మదర్శిని అక్కర్లేదు. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1880ల్లో చూపిన దారి ఉంది. చెరువు అంచున నల్లటి బురద తెచ్చుకోవాలి. అందులో చింపిన పాత పేపరు ముక్కలు (ఈ పేజీ చదవడం అయ్యాకే సుమా!), ఒక ఉడికించిన గుడ్డు పచ్చసొన, నలగ్గొట్టిన గుడ్డు పెంకు కలపాలి. పొడవాటి, పారదర్శకమైన సీసాలో ముప్పాతిక దాకా నింపి, పైన అదే చెరువు నీళ్లు పోయాలి. మూత మరీ బిగించకూడదు, లోపల వాయువు పుడుతుంది. నేరుగా మండే ఎండ తగలకుండా వెలుతురు వచ్చే కిటికీ పక్కన పెట్టాలి. ఎల్ఈడీ దీపం వెలుగు సరిపోదు, అందులో పరారుణ కాంతి దాదాపు ఉండదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బయితే వీటికి పండగే. బురద ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

మొదటి వారం ఏమీ జరగదు. బురద నల్లబడి, మూత తీస్తే ఇల్లంతా కంపు కొడుతుంది. అమ్మ ఒప్పుకోకపోతే వరండాలోకి మార్చండి. నాలుగైదు వారాలు ఓపిక పడితే గాజుకు ఆనుకుని రంగుల పట్టీలు తేలడం మొదలవుతుంది. పైన నాచు పచ్చదనం. బాగా కింద, గంధకం ఎక్కువున్న చోట ఆకుపచ్చ గంధక బ్యాక్టీరియా. ఆ రెండింటి మధ్యన, గాజు మీద నేరేడుపండు రసం చిందినట్టు మచ్చలు కనిపిస్తాయి. అవే.